రాక్షసుడికి మా గురువు ముఖం

నాకు ముఖాలు వేయడం నేర్పింది గురువు కాదు, కక్ష. ఈ మాట అంటే ఇప్పటికీ మా ఇంట్లోవాళ్లు ముఖం చిట్లిస్తారు. చిట్లించుకోనీ.

ఎనభైల మొదట్లో నరసరావుపేటలో ఒక ఆర్టిస్టు దగ్గర రెండేళ్లు పనిచేశాను. చనిపోయిన పెద్దవాళ్ల చిన్న ఫొటో తెచ్చిస్తే, గోడకు తగిలించుకునేంత రంగుల బొమ్మ వేసిచ్చేవాడాయన. కుర్చీ, పంచె, కండువా, పట్టుచీర అంచు నా వంతు. ముఖం ఆయన వంతు. మా నాయన బస్టాండు దగ్గర దర్జీ కాబట్టి, గుడ్డ ఎక్కడ ముడత పడుతుందో నాకు పుట్టుకతోనే తెలుసని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. మెచ్చుకోలు కాబోలనుకుని చాలాకాలం మురిసిపోయాను.

ఒకసారి ఆయన చుట్టాలింట్లో పెళ్లికని వెళ్లి నాలుగు రోజులు రాలేదు. గురజాల రైతు ఒకాయన వాళ్లమ్మ బొమ్మ కోసం తిరుగుతున్నాడు. పెద్దకర్మ రెండు రోజుల్లో ఉంది. తెగించి ముఖం నేనే వేసేశాను. రైతు వచ్చి చూసి చేతులు జోడించాడు. సరిగ్గా అప్పుడే గురువు లోపలికి వచ్చాడు. ఎందుకు వేశావని కూడా అడగలేదు. కిరసనాయిలు గుడ్డ తీసుకుని, ఆ కొడుకు చూస్తుండగానే ఆ తల్లి ముఖాన్ని తుడిచేశాడు.

"దర్జీ కొడుకువి. గుడ్డల దాకా ఏసి ఊరుకో. మొగం జోలికి పోమాక" అన్నాడు.

రైతు తల దించుకున్నాడు. నాకు ఒళ్లంతా భగ్గుమంది. ఆ సాయంత్రమే పని మానేశాను. ఈ మనిషి ముఖమే వేస్తాను, పదిమందిలో నవ్వులపాలు చేస్తాను అనుకున్నాను. అంతకు మించి నాకు వేరే ఆశయం ఏమీ లేదు.

తర్వాత మూడేళ్లు వినుకొండలో షాపు బోర్డులు రాశాను, సినిమా బ్యానర్లు వేశాను. పని లేనప్పుడు కాగితాలు పట్టుకుని రైల్వేస్టేషన్లో కూర్చునేవాణ్ణి. మిరపకాయ బస్తాలకు ఆనుకుని కునికిపాట్లు పడేవాళ్లు, చంటిపిల్లను ఒళ్లో వేసుకుని అన్నం తినే తల్లులు, ఎవరు దొరికితే వాళ్లను గీశాను. ముఖంలో ఎముక ఎక్కడుంటుందో, నవ్వితే బుగ్గ ఎటు జరుగుతుందో అక్కడే తెలిసింది. కానీ రోజూ చివరి కాగితం మా గురువుకే. ఇరుకు నుదురు, దవడ కింద వేలాడే తోలు, తాంబూలంతో ఎర్రబారిన కింది పెదవి. ఆ పెదవిని బ్యానర్ల మీద విలన్లందరికీ పెట్టాను. వీళ్లంతా ఒక తల్లి పిల్లల్లా ఉన్నారేందని హాలు యజమాని ఒకసారి అడిగాడు కూడా.

అప్పుడే నరసరావుపేట దగ్గర ఒక ఊరివాళ్లు, శివరాత్రికి కోటప్పకొండకు తీసుకెళ్లే తమ ప్రభకు, ఆ ఎత్తయిన వెదురు చట్రానికి, కట్టడానికి తెర వేయమన్నారు. తాండవమాడే శివుడు కావాలన్నారు. ఆ శివుడి పాదం కింద నలిగే మరుగుజ్జు రాక్షసుడొకడు ఉంటాడు. నా కడుపు చల్లబడింది. శివుణ్ణి వారంలో ముగించాను. రాక్షసుడికి పది రోజులు పట్టింది.

మా పనిలో ఒక ఆచారం ఉంది. దేవుడి కనుపాపలు అన్నిటికన్నా చివర్లో పెట్టాలి. అవి బొమ్మ వేసినవాడు పెట్టకూడదు, వాడికి పని నేర్పినవాడు పెట్టాలి. తాంబూలం పట్టుకుని నేనే వెళ్లి గురువును పిలిచాను. అంత వినయంగా నేను ఎవరి ముందూ నిలబడి ఎరగను.

మధ్యాహ్నం ఆ ఊరి బడి గోడకు తెర కట్టారు. ఊరంతా చేరింది. ఆయన నిచ్చెన ఎక్కుతుంటే సగంలో రాక్షసుడు ఎదురయ్యాడు. ఆగాడు. సిగ్గుతో దిగి పారిపోతాడనుకున్నాను. జనంలో ఒకరిద్దరు బొమ్మనూ ఆయన్నూ మార్చి మార్చి చూశారు గానీ ఎవరూ నవ్వలేదు. ఆయన పైకెక్కి శివుడికి కనుపాపలు పెట్టి దణ్ణం పెట్టుకున్నాడు. దిగుతూ మళ్లీ అక్కడే ఆగాడు.

"ఇది నన్నే ఏశావా?" అని అడిగాడు.

అవునన్నాను. అందరికీ వినపడేలాగే అన్నాను.

"నేనిట్టా ఉండనురా. ఇది నీ కోపం."

అదే బ్రష్షుతో, నేను ముడివేసిన కనుబొమలు రెండూ విడదీశాడు. పెదవి కొస కాస్త పైకి లేపాడు. ఎడమ చెవిని ముందుకు వంచి, దాని వెనక చిన్న బ్రష్షు ఒకటి గీశాడు. అంతే, రాక్షసుడు మా గురువైపోయాడు. చెవి వెనక బ్రష్షు దోపుకుని, వచ్చినవాళ్లు చనిపోయినవాళ్ల గురించి చెప్పేది వింటూ కూర్చునే మనిషి. రెండేళ్లు పక్కనే కూర్చున్నాను. అన్ని కాగితాల్లో ఒక్కదాంట్లోనూ ఆ బ్రష్షు వేయలేదు. నన్ను తిట్టిన నోరు తప్ప ఆయనలో నాకు ఇంకేమీ గుర్తులేదు.

ముందు ఒక ముసలమ్మ గుర్తుపట్టింది. ఆ వెంటనే ఊరంతా పడీపడీ నవ్వింది. ఆయన కూడా నిచ్చెన మీద నుంచే నవ్వాడు. మూడేళ్లు కాచుకున్న నవ్వు అది, నేను తప్ప అందరూ నవ్వారు.

ఆ రోజు నుంచి ఎవరి బొమ్మ మొదలుపెట్టినా ముందు చాలాసేపు ఊరికే చూస్తాను. అది ఆయన పెట్టిన భిక్షేనని ఒప్పుకోవడానికి ఇప్పటికీ మనసు రాదు.

ఆ ఏడు కొండ దగ్గర జనం మా ప్రభ ముందు గుంపులుగా ఆగి, శివుణ్ణి వదిలేసి రాక్షసుణ్ణే చూశారు. ఎవరేశారని అడిగినవాళ్లందరికీ ఊరివాళ్లు ఆయన పేరే చెప్పారు. నేను పక్కనే నిలబడి విన్నాను. రైతు ముందు ముఖం తుడిచినందుకైతే ఆయన్ను ఎప్పుడో క్షమించేవాణ్ణి. దీనికి మాత్రం క్షమించలేదు.