కత్తికి పూసిన కారం

పదకొండేళ్ళుగా ఒక మాట గొంతు దాకా వచ్చి వెనక్కి పోతోంది. మా ఆవిడకు చెప్పలేదు. ప్రార్థనలో కూడా డొంకతిరుగుడుగా చెప్పానే గానీ ఉన్నదున్నట్టు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే ఈ కాగితం మీద మీకు చెబుతున్నాను.

నేను కరాటే మాస్టర్ని. గుంటూరు నుంచి ఒంగోలు వైపు వచ్చే దారిలో, మిరప, పత్తి తప్ప మరో మాట వినపడని ఒక ఊళ్ళో, చర్చి ఆవరణలో ఆడపిల్లలకు ఆత్మరక్షణ నేర్పుతాను. కత్తితో ఎవడైనా మీదికొస్తే ఎలా తప్పించుకోవాలో అందులో ఒక పాఠం. ఇప్పుడు నా దగ్గరున్నవన్నీ మెత్తటి రబ్బరు కత్తులే. కొత్తది తెస్తే ముందు నా చేతి మీద, మెడ మీద పొడుచుకుని చూస్తాను. మొన వంగకపోతే వెనక్కి పంపేస్తాను. కళ్ళకు దెబ్బ తగలకుండా పెట్టుకునే అద్దాలు లేకుండా ఎవరినీ చాప మీద అడుగు పెట్టనివ్వను. "ఈ మాస్టారికి మరీ చాదస్తం" అని తల్లులు మెచ్చుకోలుగా నవ్వుతారు. అది విన్నప్పుడల్లా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

అప్పట్లో నేను ఇలా లేను. రబ్బరు కత్తంటే నాకు చులకన. అది వంగిపోతే పిల్లలు నవ్వేవాళ్ళు. వాళ్ళు నవ్వితే నన్ను చూసి నవ్వినట్టుండేది. అందుకని గట్టి ప్లాస్టిక్ కత్తి ఒకటి తెచ్చాను. మొన గుండ్రంగా అరగదియ్యాలని తెలుసు. తియ్యలేదు. దెబ్బ ఎక్కడ తగిలిందో తెల్ల డ్రెస్సు మీద కనపడాలని కత్తికి ఎర్ర సుద్దపొడి పూయడం మా అలవాటు. ఒకరోజు ఆ పొడిలో కారం కలిపాను. మా ఊళ్ళో కారానికి కొదవా? తగిలితే కాస్త చురుక్కుమంటుంది, భయం తెలుస్తుంది అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఒప్పుకోరని తెలుసు కాబట్టే చెప్పలేదు. తెలిసి చేసినదాన్ని పొరపాటు అనొచ్చా?

ఆ సాయంత్రం నా ఎదురుగా నిలబడింది ఎస్తేరు. పంతొమ్మిదేళ్ళ పిల్ల. పగలంతా మిరప కళ్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరి, అక్కడి నుంచి నేరుగా క్లాసుకు వచ్చేది. కానిస్టేబుల్ కావాలని ఆమె పట్టుదల. ఆమె అద్దాలు పెట్టుకోబోతుంటే నేనే ఆపాను. దొంగ నీకు అద్దాలు పెట్టుకునే టైమిస్తాడా అన్నాను. అందరూ నవ్వారు. తనూ నవ్వి, తీసి పక్కన పెట్టింది. రెండో పోటుకే ఆమె కాలు జారింది. కత్తి మొన ఎడమ కంట్లో తగిలింది.

ఆమె కన్ను మూసుకుని కింద కూలబడింది. నేను ముందు ఏం చేశానో తెలుసా? కత్తిని ప్యాంటుకు తుడిచి సంచిలో పెట్టాను. ఆ తర్వాతే ఆమె దగ్గరికి వెళ్ళాను.

ఊళ్ళోని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఏమైందమ్మా అని ఆయన ఆమెనే అడిగాడు.

"కత్తి తగిలినట్టుందండీ. మండిపోతోంది" అంది ఎస్తేరు.

"కత్తి కనుబొమ్మకు రాసుకుందంతే డాక్టరుగారూ" అన్నాను నేను. "కళ్లంలో పనిచేసి వచ్చింది. ఆ చేతులతోనే కన్ను రుద్దుకుంది."

ఆమె రెండో కంటితో తన చేతులకేసి చూసుకుంది.

"అవునండీ, సరిగ్గా కడుక్కోలేదేమో" అంది. తర్వాత నావైపు తిరిగి, "మిమ్మల్ని కంగారు పెట్టాను మాస్టారూ" అంది.

డాక్టరు కన్ను కడిగి, చుక్కల మందు ఇచ్చి పంపాడు. మొన గుచ్చుకుందని నేను ఒక్క మాట అనుంటే ఆరోజే గుంటూరు పంపేవాడు. నాలుగు రోజులకు కన్ను తెల్లబడింది. గుంటూరులో చూసి, లోపల గాయం చీము పట్టిందని, ఆలస్యం చేశారని చెప్పారు. నల్లగుడ్డు మీద మచ్చ మిగిలింది, చూపు పోయింది. కానిస్టేబుల్ ఉద్యోగం మీద ఆశ కూడా దాంతోనే పోయింది. నేను పండ్లు తీసుకుని చూడ్డానికి వెళ్తే, వాళ్ళమ్మ నా ముందే, "చేతులు కడుక్కోమని ఎన్నిసార్లు మొత్తుకున్నానే!" అని తిట్టింది. నేను వింటూ కూర్చున్నాను. క్లాసు మూతపడుతుందని భయపడ్డానా, ఊళ్ళో పరువు పోతుందనా, లేక అంత తేలిగ్గా నమ్మేశారు కదా, ఇక ఎందుకు కదపడం అనుకున్నానా? మూడోదే నిజమని నాకిప్పుడు అనిపిస్తుంది. నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

పోయిన వారం ఎస్తేరు తన ఎనిమిదేళ్ళ కూతురిని క్లాసులో చేర్చడానికి తీసుకొచ్చింది. మీ దగ్గరయితే బెంగ లేదు మాస్టారూ అంది. తర్వాత పిల్లను కొళాయి దగ్గరికి నెట్టి, "ముందు చేతులు శుభ్రంగా కడుక్కోవే. లేకపోతే నాలాగే కన్ను పోగొట్టుకుంటావు" అంది. ఆ పిల్ల భయంతో మూడుసార్లు కడుక్కుంది. నా అబద్ధాన్ని తల్లి కూతురికి బుద్ధిగా నేర్పుతోంది. నేను పక్కనే నిలబడి ఆ పిల్ల పేరు రిజిస్టర్లో రాసుకున్నాను.

ఈ కాగితం ఆమెకు ఇస్తానా? ఇవ్వాలి. ఇవ్వగలనో లేదో తెలియదు. ఆమె క్షమిస్తుందని ఆశ లేదు, అడిగే ముఖమూ లేదు. ఒక్క మాట మాత్రం ఇన్నేళ్ళలో మొదటిసారి, ఏ వంకా కలపకుండా రాస్తున్నాను. ఎస్తేరు కన్ను పోగొట్టింది నేను. రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది.