గోడకుర్చీ జట్టు

2021 ఆగస్టు. కరోనా రెండో విడత తగ్గి బళ్లు తెరిచిన రోజులు. అద్దంకిలో మా ఫిజియోథెరపీ క్లినిక్ రెండు గదులది. అంతకుముందు నా దగ్గరికి వచ్చేవాళ్లు నడుం పట్టేసిన రైతులు, పక్షవాతం వచ్చిన పెద్దవాళ్లు. ఆ నెల మాత్రం పదిహేను, పదహారేళ్ల పిల్లలు మోకాళ్లు పట్టుకుని రావడం మొదలైంది. వాళ్లలో కెజియ ఒకతి.

పదో తరగతి. మండలం కబడ్డీ జట్టులో రెయిడర్. రెండు నెలల్లో స్పోర్ట్స్ హాస్టల్ సెలక్షన్లు. సీటొస్తే చదువూ తిండీ వాళ్లే చూసుకుంటారు, రాకపోతే ఇంటర్ చదివించే స్తోమత లేదని వాళ్లమ్మ మరియమ్మ కూర్చోకముందే చెప్పేసింది. ఆమె మిరప చేలల్లో కూలికి వెళ్తుంది. ప్రాక్టీసు మొదలైన మూడో రోజే కూతురు గ్రౌండ్‌లో కూలబడిందట.

"కింద పడిందా?" అన్నాను.

"లేదండీ. అసలు ఏడాదిన్నర గడప దాటలేదు నా బిడ్డ. బుద్ధిగా మంచం మీదే కూర్చుంది" అంది గర్వంగా.

"కూర్చుని ఏం చేసింది?"

కెజియ తల దించుకుంది. మరియమ్మే చెప్పింది. "ఫోన్‌లో తుపాకుల ఆటండీ. క్లాసులకని కొన్నాం."

తొడ ముందువైపు కండరాన్ని మేం క్వాడ్రిసెప్స్ అంటాం. మోకాలి చిప్పను అదుపులో పెట్టేది అదే. పరీక్ష చేసి చూస్తే, రెయిడ్‌కి వెళ్లే పిల్లకి ఉండాల్సిన బలంలో సగం కూడా దానికి లేదు.

"కూర్చుని తింటే కొండలు కరుగుతాయో లేదో నాకు తెలీదు గానీ, తొడ కండలు మాత్రం కరుగుతాయమ్మాయ్" అన్నాను. నాకు నోటి దురుసు ఎక్కువ. అక్కడితో ఊరుకోక, ఫోన్ దాచేయమని మరియమ్మకి చెప్పాను. రోజూ మూడు పూటలా వాల్ సిట్ వేయమన్నాను. వీపు గోడకి ఆనించి, నొప్పి రానంత వరకే కిందికి జారి, లేని కుర్చీలో కూర్చున్నట్టు ఆగడం. బళ్లో హోంవర్క్ చేయనివాళ్లతో వేయించే గోడకుర్చీయే అది.

వారం తర్వాత వచ్చింది. చెప్పిందేదీ చేయలేదని పరీక్ష చేయగానే తెలిసిపోయింది. నాకు ఒళ్లు మండింది. "ఏమే, నేనేమన్నా పొద్దుపోక చెప్పానా?"

పిల్ల భోరుమంది.

"ఇంట్లో చోటు లేదు మేడం. వాకిట్లో వేస్తే, పోయేవాళ్లంతా 'ఏం తప్పు చేశావే' అని అడుగుతున్నారు. ఫోన్ చూసినందుకు అమ్మ శిక్ష వేసిందనుకుంటున్నారు. నేనేం తప్పు చేశాను? కదలొద్దన్నారు, కదల్లేదు."

నిజమే కదా! బయటికొస్తే ప్రాణం పోతుందని కూర్చోబెట్టింది మనం. కూర్చున్నందుకు మెచ్చుకున్నదీ మనమే. ఇప్పుడు ఎందుకు కూర్చున్నావని తిడుతున్నాం. సిగ్గేసింది.

దగ్గర కూర్చోబెట్టుకుని అడిగాను. "ఇంతకీ ఆ ఆటలో ఏముందే?"

"మా టీమ్ ఉంది మేడం."

కబడ్డీ జట్టులో తనతో కలిపి నలుగురు ఆ ఆట ఆడతారు, నలుగురివీ నాలుగు ఊళ్లు. ఏడాదిన్నర పాటు వాళ్లు కలుసుకుంది, కేకలేసుకుంది, అలిగింది అంతా ఆ ఆటలోనే. మోకాలి నొప్పికి గ్రౌండ్ పోయింది. నా మాట పుణ్యమా అని ఫోన్ పోయి, వాళ్లు కూడా దూరమయ్యారు.

"మిగతా ముగ్గురి మోకాళ్లూ బాగున్నాయా?"

"వాళ్లకీ నొప్పేనంట. చెబితే టీమ్‌లోంచి తీసేస్తారని దాస్తున్నారు."

మరియమ్మని పిలిచి ఫోన్ ఇచ్చేయమన్నాను. "అదేంటండీ, మీరేగా దాచమన్నారు!" అందామె. "నాదే పొరపాటమ్మా" అన్నాను. ఈ మాట నా నోటినుంచి రావడం అరుదు.

ఆ ఆటలో ముందు చచ్చిపోయినవాళ్లు మిగతావాళ్ల ఆట అయ్యేదాకా చూస్తూ కూర్చోవాలట. "ఇక కూర్చోవద్దు" అన్నాను కెజియతో. " కబడ్డీలో ఔటైతే లైన్ బయటికి పోతారుగా, అట్టా గోడ దగ్గరికి పోయి గోడకుర్చీ వేయండి. నలుగురూ. రోజుకి రెండాటలే. ఆ ముగ్గుర్నీ ముందు నా దగ్గరికి తీసుకురా."

కెజియకి నవ్వొచ్చింది. "అయితే నేనే ఎక్కువ వేయాలి మేడం. ముందు చచ్చేది నేనే."

"ఎవరైనా అడిగితే ఏం చెప్తావ్?"

"ఔటయ్యానని చెప్తా."

నలుగురూ వచ్చారు. వారాలు గడిచేకొద్దీ గోడ మీద ఇంకాస్త కిందికి జారారు. తర్వాత మెట్లు, ఆ తర్వాత పరుగు. మధ్యలో మరియమ్మ వచ్చి, "దీన్ని చూసి మా వీధి పిల్లలంతా గోడలకి అతుక్కుపోతున్నారండీ, ప్రభువా!" అని నెత్తి కొట్టుకుంది.

సెలక్షన్లలో ఇద్దరికి సీట్లొచ్చాయి. వాళ్లలో కెజియ ఒకతి. రెయిడ్‌కి వెళ్లినప్పుడు మోకాలు గుర్తే రాలేదంది. అది వినగానే నాకు కళ్లు చెమర్చాయి.

హాస్టల్‌కి వెళ్లే ముందు చెప్పిపోదామని వచ్చింది. అక్కడ ఫోన్ ఉండనివ్వరట.

"మరి ఎట్టాగే, ఉండగలవా?" అని ఏడిపించాను.

"అక్కడ మనుషులుంటారుగా మేడం" అంది.

అప్పట్నుంచి ఏ పిల్లలొచ్చినా, ఫోన్‌లో ఎంతసేపు ఆడతావని ముందు అడగను. ఎవరితో ఆడతావని అడుగుతాను.