మణికట్టు మీద పులిసిన గులాబీ

మళ్ళీ అదే పులుపు.

ఆమె మణికట్టును ముక్కుకు ఆనించి ఇంకోసారి పీల్చి చూసింది. పొద్దున గాజుపుల్లతో అత్తరు చుక్క పెట్టుకున్నప్పుడు గులాబీ గుప్పున లేచింది. అప్పుడే కోసిన పువ్వులా, కాస్త మిరియాల ఘాటుతో చక్కగా ఉంది. పక్క గదిలో అత్తగారు పాపకు పాలసీసా పట్టి నిద్రపుచ్చేలోగా ఆ గులాబీ జాడే లేకుండా పోయింది. దాని చోట మూత పెట్టడం మర్చిపోయిన పెరుగుగిన్నె వాసన, ఆ వెనకాలే తడి ఇనుము వాసన.

"ఇది కూడానా!" అని, చేతిమీదికి జెర్రి పాకినట్టు విదిలించుకుంది.

అత్తర్లు వాడి చూసి, అవి ఒంటిమీద ఎలా మారతాయో రాయడం ఆమె పని. ఇంటర్నెట్లో వారానికోసారి వచ్చే ఒక పేజీకి రాస్తుంది. ఆ పేజీ నడిపే పెద్దావిడ ఆమెను "ముక్కూ" అని పిలుస్తుంది. చదివేవాళ్ళకు కూడా ఆమె ఆ పేరుతోనే తెలుసు. సీసాలో బాగున్న వాసన ఒంటిమీద బాగుండాలని లేదు. తేలికగా ఎగిరిపోయేవి ముందు పోతాయి, బరువైనవి సాయంత్రం దాకా కూర్చుంటాయి, మధ్యలో చర్మంలోని నూనె, చెమట, వేడి తమ వంతు చేస్తాయి. అందుకే కొనేవాళ్ళకు వేరొకరి చర్మం మీద దాని నడక తెలియాలి. ఆమె చర్మం ఇన్నాళ్ళూ ఆ పని బుద్ధిగా చేసింది. ఏ అత్తరైనా సరే తొందరపెట్టకుండా, పాడుచెయ్యకుండా విప్పి చూపించేది.

పాప పుట్టాక మొదలైంది ఈ తంటా. పరీక్షించే రోజున ఆమె వాసన సబ్బు ముట్టదు, క్రీము రాసుకోదు, కాఫీ తాగదు. మణికట్లను ఒకదానితో ఒకటి రుద్దదు కూడా. అంత నిష్ఠగా ఉన్నా చందనం పులిసింది, మల్లె పులిసింది, వట్టివేరు పులిసింది. నిజాయితీగా అదే రాసింది. మొన్న పేజీ ఆవిడ ఫోన్ చేసింది.

"ముక్కూ, ఈ మధ్య నీకు ఏ అత్తరూ నచ్చట్లేదేంటి?"

"నచ్చకపోవడం కాదు మేడమ్, పులుస్తున్నాయి. నన్నేం చెయ్యమంటారు?"

"వట్టివేరు ఎక్కడైనా పులుస్తుందా తల్లీ? నువ్వు అత్తర్లు చూస్తున్నావా, పెరుగు తోడేస్తున్నావా?"

ఆమెకు ఒళ్ళు మండింది.

"చదివేవాళ్ళు నవ్వుకుంటున్నారు. ఇంకో కుర్రాడు రాస్తానని నా వెంటపడుతున్నాడు. నీ మీద అభిమానం కొద్దీ ఆపుతున్నా. ఈ గులాబీ చూసి చెప్పు. ఇదీ పులిసిందన్నావంటే మాత్రం పేజీ అతనికే ఇచ్చేస్తా. ఏమనుకోకు."

ఏమనుకోకుండా ఎలా ఉంటుంది? నీళ్ళ నాణ్యత పరీక్షించే ల్యాబులో ఉద్యోగాన్ని పాపకోసం మానేసింది. ఇప్పుడు మందులషాపులో, మెట్లమీద, టీకాల వరసలో ఎక్కడ చూసినా ఆమె 'పాప వాళ్ళమ్మ'. ఈ పేజీలో మాత్రమే ఆమె ఇంకా తనే. అది కూడా పోతే మిగిలేది పాలసీసాలూ మూతలూ.

గులాబీ సమీక్ష రేపటికల్లా పంపాలి. ఇక్కడ చూస్తే గులాబీ పెరుగైంది.

"అత్తయ్యా, పొద్దున వెల్లుల్లి వేయించారా?"

"లేదమ్మాయ్. నీ ముక్కుకు భయపడి నువ్వు అత్తరు చూసే రోజుల్లో పోపే మానేశాను కదా." పాపను భుజాన వేసుకుని అత్తగారు గుమ్మంలోకి వచ్చింది. "నీకోసం వారానికి రెండ్రోజులు ఉడికిన గడ్డి తింటున్నాం అందరం."

"మరి బట్టలు నానబెట్టిన పొడి మార్చారా?"

"నన్నే మార్చేస్తే సరిపోతుందేమో, అది కూడా చూడు."

ఆమె బల్లమీదున్న శానిటైజర్ సీసా నొక్కి, వేళ్ళు, వేళ్ళ సందులు, అరచేతి వెనక, మణికట్టు, ఆ పైన మోచేయి దాకా వరసగా రుద్దుకుంది. ఆ వరస ఆమెకు ఆసుపత్రిలో అబ్బింది. పాప నెలలు నిండకుండా పుట్టి, గాజుపెట్టెలో దీపపు ఒత్తుల్లాంటి వేళ్ళతో పడుకుని ఉన్నప్పుడు, లోపలికి వెళ్ళే ప్రతిసారీ నర్సు గుమ్మంలో నిలబెట్టి అలా రుద్దించేది. ఇప్పుడు పాప బొద్దుగా తయారై తన కాలివేళ్ళు తనే నోట్లో పెట్టుకుంటోంది. అయినా ఇంట్లో గదికొక శానిటైజర్ సీసా ఉంది. ముట్టుకునే ముందు ఒకసారి, ముట్టుకున్నాక ఒకసారి, తలుపు గడియ తీస్తే ఒకసారి, ఏమీ తోచకపోతే ఒకసారి.

ఆమె భర్త లిఫ్టులు బాగుచేస్తాడు. సాయంత్రం అతను ఇంటికి రాగానే, బూట్లు విప్పకముందే చెయ్యి పట్టుకుంది.

"స్నానం చేసి రండి. వాసన లేని సబ్బుతో."

"ఏంటోయ్, ఇంత ప్రేమ?"

"ప్రేమా లేదు, పాడూ లేదు. మీ మణికట్టు కావాలి."

"చేతులెత్తి దణ్ణం పెడతా, ఇవాళ ఏడు అంతస్తులు ఎక్కి దిగాను. నా మీద ఏం రాసినా గ్రీజు వాసనే వస్తుంది."

రాలేదు. అతని మణికట్టు మీద గులాబీ నెమ్మదిగా విచ్చుకుంది. మిరియం తగ్గింది, తేనె వచ్చింది, అడుగున ఎక్కడో ఎండిన చెక్క వాసన తేలింది. అత్తగారి మణికట్టు మీద ఇంకా బాగుంది. తిట్టుకుంటూ చెయ్యి చాపిన ఆవిడే, కాసేపయ్యాక ఎవరూ చూడట్లేదనుకుని రెండుసార్లు వాసన చూసుకుంది.

"ఇది మంచి సరుకే అమ్మాయ్. నీకేమైంది మరి?"

"అదే కదా నేనూ అడుగుతున్నా!" అని అరిచింది. అరిచాక ఏడుపొచ్చింది. పాపను కనడంతో తన ఒళ్ళే మారిపోయింది. హార్మోన్ల గురించి చదివిన కాగితాలన్నీ ఒక్కసారి గుర్తుకొచ్చాయి. చర్మం ఇక పాతలా అవదేమో. భర్త నీళ్ళగ్లాసు తెచ్చి, ఏం చెయ్యాలో తోచక దాన్ని పట్టుకునే నిలబడ్డాడు.

"పోనీ పేజీ ఆ కుర్రాడికే ఇచ్చెయ్యమను. నువ్వూ కాస్త పడుకోవచ్చు," అన్నాడు.

అనకూడని మాట అని ఆమె మొహం చూశాక తెలిసింది అతనికి.

"పడుకోవడానికా నేను ఈ పని చేస్తున్నది?"

అతను గ్లాసు బల్లమీద పెట్టి, పాపను తీసుకుని వరండాలోకి తప్పుకున్నాడు.

కోపం ఆమెకు ఒక మేలు చేసింది. ల్యాబులో ఇలా ఒక ఫలితం వంకర తిరిగినప్పుడు తను ఏం చేసేదో గుర్తొచ్చింది. నీళ్ళను తిట్టేది కాదు. ఒక్కటి తప్ప అన్నీ అలాగే ఉంచి, ఆ ఒక్కదాన్ని మార్చేది. ఇక్కడ మనుషుల్ని మార్చి చూసింది. ఒకే మనిషిలో చోటు మార్చలేదు. ఎప్పుడూ మణికట్టే. పరీక్షించేవాళ్ళందరూ మణికట్టు మీదే చూస్తారు కాబట్టి తనూ అంతే.

చొక్కా చేయి భుజందాకా మడిచి, మణికట్టు నుంచి మోచేతి పైదాకా గాజుపుల్లతో వరసగా చుక్కలు పెట్టింది. కుర్చీలో కూర్చుని ఎదురుచూసింది. వరండాలో పాప ఏడ్చినా లేవలేదు. తర్వాత ముక్కును చేతిమీద కింది నుంచి పైకి జరుపుతూ పోయింది. పులుపు. పులుపు. ఇనుము. మోచేయి దాటాక ఉన్నట్టుండి గులాబీ. మళ్ళీ కిందికి జరిగింది, పులుపు. పైకి జరిగింది, గులాబీ. గోడకు సగం దాకా సున్నం కొట్టి వదిలేసినట్టు, మధ్యలో ఒక గీత ఉంది.

పెన్ను తీసుకుని ఆ గీత దగ్గర నిజంగానే ఒక గీత గీసింది. అటు చూసింది, ఇటు చూసింది. శానిటైజర్ రుద్దుకునే చెయ్యి సరిగ్గా అక్కడే ఆగుతుంది.

"అయ్యో, నా తెలివి తగలెయ్య!" అంది.

సబ్బు మానేసింది, క్రీము మానేసింది, ఇంటిల్లిపాదికీ పోపు మాన్పించింది. దీన్ని మాత్రం లెక్కలోకి తీసుకోలేదు. పైగా పరీక్షకు ముందు చర్మం శుభ్రంగా ఉండాలని ఇంకొంచెం ఎక్కువ రుద్దింది. స్పిరిట్ ఎగిరిపోతుంది, ఏమీ మిగలదు అని చదువుకున్న బుర్ర భరోసా ఇచ్చింది. ఎగిరిపోయేది స్పిరిట్ ఒక్కటే. పోతూ పోతూ చర్మంలో ఉన్న కాస్త నూనెనూ లాక్కుపోతుంది. శానిటైజర్‌ను జిగురుగా ఉంచే సరుకు పొరలా ఇక్కడే ఉండిపోతుంది. పట్టి ఉంచే నూనె లేక గులాబీ ఎగిరిపోయి, మిగిలిన మొండి వాసన ఆ పొరతో కలిసి పులుస్తోంది. చందనం తప్పు కాదు. మల్లె తప్పు కాదు. పాప తప్పు కాదు, తన ఒళ్ళూ మారిపోలేదు.

ఊపిరి తేలికవ్వాలి కదా, అవ్వలేదు. రుద్దుకోవడం మానేస్తే కొన్నాళ్ళకు మణికట్టు బాగుపడుతుంది. ఆ మాట అనుకోగానే గాజుపెట్టె కళ్ళముందుకొచ్చింది. పక్కనున్న సీసావైపు చెయ్యి దానంతటదే పోయింది. వెనక్కి లాక్కుంది. మళ్ళీ పోయింది.

పొద్దున్నే పేజీ ఆవిడకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పింది.

"అయితే గులాబీ పులవలేదన్నమాట."

"మోచేతి పైన పులవలేదు మేడమ్. మణికట్టు మీద పులిసింది."

"మోచేతి మీద అత్తరు ఎవరు రాసుకుంటారు ముక్కూ? జనం మణికట్టుకే కదా రాసుకునేది. బాగుందని రాసెయ్, గొడవ వదిలిపోతుంది."

"శానిటైజర్ రుద్దుకునే మణికట్టు మీద బాగోలేదు. ఆ ముక్క లేకుండా రాయలేను. పాత మూడింటికి కూడా అదే చేర్చాలి."

"నువ్వు రుద్దుకున్నావని అందరూ రుద్దుకుంటారా?"

"ఎందుకు రుద్దుకోరు? నర్సులు రుద్దుకుంటారు. ల్యాబుల్లో వాళ్ళు రుద్దుకుంటారు. పసిపిల్లలున్న ఇంట్లో ఎవరు రుద్దుకోరు చెప్పండి? వాళ్ళు డబ్బు పోసి కొని, సగం పూటకే పెరుగు వాసనొస్తే, అంగడివాణ్ణి తిట్టుకుని సీసా పారేస్తారు. వాళ్ళకు అత్తరు అక్కర్లేదా? వాళ్ళ చేతులు చేతులు కావా?" గొంతు పెరిగిపోయిందని ఆమెకు తెలుస్తూనే ఉంది.

ఆవిడ ఫోన్ చెవికి దూరంగా పెట్టినట్టుంది.

"అరవకు తల్లీ, చెవి పోతుంది. రాసి పంపు. ఏం చెయ్యాలో చూస్తా."

ఆ వారం పేజీ వచ్చింది. పైన కొత్త కుర్రాడి సమీక్ష, వాడి ఫొటోతో సహా. కింద ఆమెది, సగానికి కోసి, చిన్న అక్షరాల్లో. పాత మూడింటి సంగతి ఆఖరి వాక్యంలో ఇరికించారు. ఇకనుంచి ప్రతి అత్తరూ ఇద్దరికీ పంపుతామని ఆవిడ విడిగా కబురు పెట్టింది. పేజీ పోలేదు. అలాగని తన దగ్గరా లేదు.

"వినండి ఏం రాశాడో," అని భర్తను పిలిచి చదివింది. "'పొద్దుట రాసుకున్నది సాయంత్రం దాకా మణికట్టు మీద ఒకే తీరుగా నిలిచింది' అట! అంటే ఈ మహానుభావుడు పొద్దుట్నించీ సాయంత్రం దాకా చేతులే కడుక్కోలేదన్నమాట!"

"పెళ్ళి కాలేదేమో," అన్నాడు భర్త. "హాయిగా ఉన్నాడు."

"మీకు నవ్వులాటగా ఉంది."

"లేదు లేదు." అతను నిజంగానే నవ్వు ఆపుకున్నాడు. "నీదాని కింద ఎవరో ఏదో అడిగారు, చూశావా?"

చూసింది. ఎవరో ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేసే అమ్మాయి. 'ఇన్నాళ్ళూ నా ఒంటికే ఏదో రోగం అనుకున్నా. అయితే నేను ఎక్కడ రాసుకోవాలి అక్కా?' అని అడిగింది.

జవాబు కొడదామని ఫోన్ తెర మీద బొటనవేలు పెట్టింది. తెర పలకలేదు. వేలి చర్మం ఎండిపోయి, చిట్లి, గరుకుకాగితంలా అయింది. ఇంకో వేలు పెట్టింది. అదీ అంతే. గట్టిగా నొక్కితే అక్కర్లేనిదేదో తెరుచుకుంది.

"ఛ! అత్తయ్యా, కాస్త ఇటు రండి. నేను చెప్తా, మీరు నొక్కండి."

అత్తగారు పాపను కొడుక్కి అందించి, కళ్ళజోడు సర్దుకుని కూర్చుంది. "చెప్పు."

"మోచేతి పైన రాసుకో చెల్లీ. లేదా మెడ వెనక. రాసుకున్నాక రుద్దొద్దు."

ఆవిడ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ నొక్కింది. "అంతేనా?"

"అంతే. చివర ఒక కోపం బొమ్మ పెట్టండి."

"ఆ పిల్ల మీద కోపమెందుకే?"

"ఆ పిల్ల మీద కాదు. ఊరికే పెట్టండి అత్తయ్యా."

అత్తగారు కోడలి మొహంకేసి ఒకసారి చూసి, రెండు పెట్టింది.