రేషన్ లిస్టు మీద లెన్సుల పందెం

ఆ రోజుల్లో నా అంత మొండిది మా చిట్యాలలోనే లేదని నా నమ్మకం. (నాన్నను మేం బాపు అంటాం; బాపు నమ్మకం కూడా అదే. కాకపోతే ఆయన దాన్ని గొప్పగా చెప్పుకునేవాడు కాదు.) తెలంగాణ వచ్చిన కొత్తలో, డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్నప్పుడు, హైదరాబాద్‌లో ఒక పాత లెన్సు కొన్నాను. అక్క పెండ్లికి ఫొటోలు నేనే తీస్తానన్నాను. బాపు ఆ పనిని స్టూడియో నడిపే ఫ్లాష్ కాకకు అప్పజెప్పాడు. (ఎర్రటి ఎండలో కూడా ఫ్లాష్ కొట్టేవాడు, అందుకే ఆ పేరు.) "ఆడివిల్లవు, పెండ్లిల చీర కట్టుకోని నిలవడక నీకు కెమెరా ఎందుకే?" అన్నాడు బాపు. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. "కాక లెన్సుకన్న నాదే సాఫ్ అని చూపెడితే?" అన్నాను. "చూపెట్టు, నువ్వే తీద్దువు," అన్నాడు.

రేషన్ దుకాణం గోడకు అతికించిన పేర్ల లిస్టును కాకా నేనూ ఒకే దూరం నుంచి ఫొటో తీశాం. కంప్యూటర్‌లో పెద్దది చేస్తే నా దాంట్లో ప్రతి పేరూ, పక్కన తండ్రి పేరూ చదవొచ్చు. కాక దాంట్లో చిన్న అక్షరాలన్నీ చీమల బారులా కలిసిపోయాయి. నేను గెలిచిన ముఖం పెట్టాను. ఇంతలో బాపు గుమ్మం దగ్గర నుంచే, "అగో, కాకదే సాఫ్ ఉన్నది. నల్లది నల్లగ, తెల్లది తెల్లగ. నీది పొగ వట్టినట్టున్నది," అన్నాడు. దగ్గరికొచ్చి పేర్లు చదవమని బతిమిలాడాను. "పెండ్లి ఫొటోలల్ల పేర్లు సదువుతరా బిడ్డా?" అన్నాడు కాక జాలిగా. ఆ జాలికి నాకు ఇంకా మండింది.

చివరి ఆశగా అవ్వను పిలిచాను. ఆమెకు అప్పటికే కంటి ఆపరేషన్ అయింది. నా ఫొటో చూసి, "ఆపరేషన్‌కు ముందు నాకు గిట్లనే కనవడేది. మనిషి ఎవ్వలో తెలిసేది, గని ముంగట పల్చటి బట్ట గట్టినట్టుండేది," అంది. ఎంత సన్న గీత దొరికినా, వెలుగునీడల తేడా పల్చబడితే కంటికి మసకేనని అవ్వ ఒక్క ముక్కలో తేల్చేసింది. నేను ఒప్పుకుంటేగా! పెండ్లినాడు చీర కొంగు నడుముకు చెక్కి, కెమెరా పట్టుకుని కాక వెనకాలే తిరిగాను.

అక్క కారెక్కేటప్పుడు బాపు పందిరి గుంజ పక్కన, మొహం కాస్త తిప్పుకుని నిలబడ్డాడు. కాకా నేనూ ఇద్దరం తీశాం. వారం తర్వాత ఇంటిల్లిపాదీ కూర్చుని చూస్తే, కాక ఫొటోలో అక్క చీర ఎర్రగా, కారు తెల్లగా మెరిసిపోతున్నాయి. నాది మామూలే, మసక. అందరూ లేచిపోయాక బాపు ఒక్కడే కూర్చుని నా ఫొటోను పెద్దది చేసుకుంటూ పోయాడు. గుంజ పక్కన నిలబడ్డ ఆయన కనుకొలకులో నీటిచుక్క, తడిసిన రెప్పవెంట్రుకలతో సహా కనిపించింది. కాక ఫొటోలో అక్కడ వట్టి నల్లటి నీడే.

"ఎవ్వలకు చూపియ్యకు," అన్నాడు బాపు. ఫొటోను మళ్ళీ చిన్నది చేసి, "చిన్నమ్మ బిడ్డ పెండ్లికి నువ్వే తియ్యి," అన్నాడు. లెన్సు గొప్ప చెప్పబోయి, కంప్యూటర్ కట్టేశాను.

ఇప్పుడు నా కెమెరాకు సన్న గీతా, వెలుగునీడల తేడా రెండూ పట్టే లెన్సే ఉంది. రేషన్ లిస్టు పందెంలో ఓడిపోయానని మాత్రం బాపు ఉన్నన్నాళ్ళూ నేను ఒప్పుకోలేదు. ఆయన కూడా అడగలేదు, మహానుభావుడు.