లెక్కలో వేసుకోని అట్టలు

ఆ గూఢచారి సీరియల్ మొత్తం నలభై భాగాలు. నలభై భాగాలూ నేనూ మా ఆడబిడ్డా కలిసే చూశాం. ఆదివారం మధ్యాహ్నం రెండింటికి మొదలయ్యేది. ఆమె రెండుకు పది నిమిషాలుండగా వచ్చేది. గద్వాలలోనే మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటుంది.

నేను పక్కన నోటుబుక్కు పెట్టుకుని చూసేదాన్ని. ఏ ఆఫీసరు ఏ తారీఖున ఏ ఊళ్లో ఉన్నాడో రాసుకునేదాన్ని. రహస్యాలు శత్రువుకు చేరవేస్తున్న మనిషి ఎవరో కథలో ఎవరికీ తెలియదు. పదకొండో భాగానికే నేను తేల్చేశాను, బట్టతల ఆఫీసరని. రహస్యం బయటికి పోయిన మూడుసార్లూ అతను సెలవులో ఉన్నాడు.

"పాపం, ఆయన మొఖం చూస్తే గట్ల లేడు వదినె," అనేది ఆడబిడ్డ.

"మొఖంతోని ఏం పని? తారీఖులు చూడు."

ఇలాంటి లెక్కే ఒకటి ఆమె మీదా కట్టి ఉంచాను. ఆ సంగతి ఆమెకు తెలియదనుకునేదాన్ని.

మాది మగ్గం ఇల్లు. ఇరవై ఆరేళ్ల కిందట మా ఆయన కోటగోడ పళ్లలా ఉండే కోటకొమ్మల మధ్య జంట చిలుకలు కూర్చి కొత్త అంచు గీశారు. మా మొదటి చీర మగ్గం దిగకముందే అదే అంచు మల్దకల్‌లో ఒకరి మగ్గం మీద కనబడింది. ఆయన గీసిన రోజుకూ ఆ కబురు తెలిసిన రోజుకూ మధ్య పంతొమ్మిది రోజులు. ఆ పంతొమ్మిది రోజుల్లో మా ఇంటి లోపలికి వచ్చి వెళ్లిన బయటి మనిషి ఆడబిడ్డ ఒక్కతే. ఆమె అత్తవారిది మల్దకల్. అప్పట్లో అక్కడే ఉండేది. ఆమెను ఒక్క మాట కూడా అనలేదు. ఆమె గడప తొక్కితే మాత్రం మగ్గం మీద పాత పంచె కప్పేదాన్ని.

చివరి భాగంలో ద్రోహి అంటూ ఎవరూ లేరని తేలింది. ఆఫీసులో తప్పు అచ్చయిన కాగితాలను పెద్దాఫీసరే ప్రతి శనివారం చిత్తుకాగితాలవాడికి వేయించేవాడు. రహస్యాలు వాటిలోనే పోయాయి. అప్పటికే బట్టతల ఆఫీసరు ఉద్యోగం పోగొట్టుకుని ఊరు విడిచి వెళ్లాడు. అతన్ని వెతికి, తప్పయిందని చెప్పినవాళ్లు లేరు. కథ అక్కడే ఆపేశారు.

"నలభై వారాలు కూసోబెట్టి గిదా చూపిచ్చేది?" అన్నాను కోపంగా.

"నీ పుస్తకంల చిత్తుకాగితాలాయన తారీఖు రాస్కోలేదా వదినె?" అని ఆమె పకపకా నవ్వింది.

నేను నవ్వలేదు. తప్పు అచ్చయిన కాగితాల దగ్గరే నా మనసు ఆగిపోయింది. అంచు మగ్గానికి ఎక్కాలంటే మగ్గం పైన తిరిగే జకార్డు అట్టలకు రంధ్రాలు కొట్టించాలి. ఆ రంధ్రాల వరుసే అంచు. చిలుకల అంచుకు మొదటిసారి కొట్టించినప్పుడు ఒక వరుస పక్కకు జరిగి చిలుకల ముక్కులు వంకర పోయాయి. నూట తొంభై రెండు అట్టలూ మళ్లీ కొట్టించాం. పాడైన అట్టలను, దారంతో వరుసగా కుట్టినవి కుట్టినట్టే, గాజులమ్మే ఆమెకు నేనే ఇచ్చాను, గాజుల మధ్య అడ్డం పెట్టుకుంటుందని. ఆమె మల్దకల్ దాకా తిరిగేది. పాడైన అట్ట మా ఇళ్లలో పొయ్యిలోకో కిటికీ సందులోకో పోయే వస్తువు. అందులో దాచవలసింది ఉందని ఎవరం అనుకోం. కానీ మగ్గం తెలిసినవాడికి అవి దొరికితే ముక్కు సరిచేసుకుని నేసుకోగలడు. వాకిట్లోనే నిలబడి వెళ్లిన ఆ గాజులామెను నేను లెక్కలో వేసుకోలేదు. వాటిని ఇచ్చిన నన్నూ వేసుకోలేదు.

అంచు అట్టల వల్లనే పోయిందనడానికి రుజువు లేదు. ఆమె వల్ల పోయిందనడానికీ ఏనాడూ లేదు. టీవీ కట్టేసి అంతా ఆమెకు చెప్పాను.

"నామీద అనుమానమని నాకెర్కనే," అంది. "నేనొస్తే మగ్గం మీద పంచె కప్పుతుంటివి. దుమ్ముకని అనుకుంటనా? అంత పిచ్చిదాన్నా?"

"మరి అడగకపోతివి."

"అడిగితే చెప్తుంటివా?"

తర్వాత నా వైపు చూడకుండా అడిగింది.

"మా అన్నకు చెప్పినవా?"

మా ఆయన పోయి తొమ్మిదేళ్లయింది.

"ఆనాడే చెప్పిన."

"అయితే నన్ను దొంగ అనుకుంటనే పోయిండా?" అంది.

"లేదు. 'మా చెల్లెకు కావాలంటే అడిగి తీస్కపోతది. నువ్వు నీ లెక్క మల్లొకపారి చూస్కో' అనె."

"మరి చూస్కున్నవా?"

"చూస్కోలే."

"నన్ను సముదాయించనీకె కల్పించి చెప్తలేవు గద?" అని నా ముఖంలోకి చూసింది. నేను జవాబు చెప్పేలోపే తల అడ్డంగా ఊపింది. "నీకు కల్పించుడు రాదులే. మా అన్న ఏమన్నడో మల్ల చెప్పు."

ఒక్క అక్షరం మార్చకుండా చెప్పాను. కళ్లు తుడుచుకుని ఇంకోసారి చెప్పమంది. మళ్లీ చెప్పాను.