తువ్వాల కింద ఎం.ఏ.

కరీంనగర్ పశువుల అంగడిలో రజాక్‌ను మించిన దలాలు లేడు. ఈ మాట రజాకే చెప్పుకుంటాడు, అయినా కాదనే ధైర్యం ఎవరికీ లేదు. అమ్మేవాడి చేయి, కొనేవాడి చేయి తువ్వాల కిందికి తీసుకొని బేరం కుదురుస్తాడు. ధర నోటితో పలకకూడదు. ఒక వేలు పడితే ఒకటి, రెండు పడితే రెండు, చేయంతా పడితే ఐదు. తువ్వాల కింద ఒప్పుకున్న ధరను బయటికొచ్చి కాదన్నవాడి మొహం ఆ అంగడిలో మళ్లీ ఎవరూ చూడరు. ఈ పని రజాక్‌కు ఎంత ఒంటబట్టిందంటే, నిద్రలో కూడా భార్య హఫీజా వేళ్లు పట్టుకొని ఎడ్ల జతలు అమ్మేసేవాడు. పాపం, పొద్దున లేచేసరికి ఆమెకు మార్కెట్ రేట్లన్నీ తెలిసిపోయేవి.

అలాంటి రజాక్‌ను కూతురు అంబ్రీన్ ఇరకాటంలో పెట్టింది. హైదరాబాదులో ఎం.ఏ. ఇంటర్నేషనల్ స్టడీస్‌లో సీటు వచ్చింది. సోమవారంలోగా ఫీజు కట్టకపోతే సీటు పోతుంది. ఫీజు, హాస్టలు కలిపితే, సొంతంగా ట్రాలీ ఆటో కొనాలని రజాక్ దాచుకున్నదంతా దానికే సరిపోతుంది.

"గా చదువుల ఏం నేర్పుతరు బేటీ?"

"దేశాలు ఎందుకు కొట్లాడుకుంటయ్, మళ్ల ఎట్ల కలుస్తయ్, నడుమ ఎవలు మాట్లాడుతరు... గవన్నీ అబ్బా."

"అంటే దలాలు పనే గదా! గది నేర్చుకోనీకి హైదరాబాద్ ఎందుకు, మంగళవారం నాతోని అంగడికి రా."

అంబ్రీన్ ఆ పూట అన్నం తినలేదు.

రజాక్ పిసినారి కాడు. తెలియని సరుకుకు ధర కట్టడమంటే అతనికి మహా భయం, అంతే. ట్రాలీ అయితే దినానికి ఇంత కిరాయి అని లెక్క ఉంది. ఈ చదువుకు మాత్రం నోరు తెరిచి పండ్లు చూద్దామంటే నోరు లేదు, నడిపించి చూద్దామంటే కాళ్లు లేవు. ఆలోచించి ఆలోచించి, తనకు తెలిసిన పనే చేశాడు. ఆదివారం ముగ్గురిని ఇంటికి పిలిచి చాయ్ పోయించి, తువ్వాల తీశాడు. చదువు అయిపోయాక నెలకు ఎంత వస్తుందో వేళ్లతో చెప్పాలి. ఒక వేలు అంటే పదివేలు.

"నేను ఎద్దునా అబ్బా?" అంది అంబ్రీన్ తలుపు దగ్గర నిలబడి, ఏడుపు ఆపుకుంటూ.

"ఎద్దువైతే గింత పరేషాన్ ఎందుకు బేటీ? ధర ఎప్పుడో చెప్పేస్తుంటి."

మొదట సాటి దలాలు పర్శరాములు వచ్చాడు. సీటు కాగితాన్ని ముందు తిప్పి, వెనక తిప్పి, వెలుతురుకు పట్టి చూశాడు. "ఎన్నేండ్ల చదువు?" అన్నాడు. రెండేళ్లు అన్నారు. "అంటే రెండు పండ్ల కోడె లెక్క. ఇంకా దుక్కికి రాదు. బర్రె నీళ్లల్ల ఉండంగ బేరం చెయ్యమంటున్నవ్ రజాక్ భాయ్," అని తువ్వాల కింద రెండు వేళ్లు పట్టి, ఒకటి వదిలేశాడు.

తర్వాత గల్ఫ్ ఏజెంటు అతీక్. ఫోన్‌లో తన దగ్గరున్న వీసాలన్నీ కిందికీ మీదికీ జరిపి చూశాడు. "మేస్త్రీకి రేటున్నది, డ్రైవర్‌కున్నది, హెల్పర్‌కున్నది. దేశాల లొల్లి చదివినోళ్లను ఇప్పటిదాంక ఏ షేకూ అడుగలే," అన్నాడు. చివరికి జాలిపడి ఒక వేలు పట్టాడు. "తిండి, రూము కంపెనీదే," అని పైకి చెప్పి ఊరట కూడా ఇచ్చాడు.

ఇక మిగిలింది వనజ మేడం. డిగ్రీలో అంబ్రీన్‌కు పాఠం చెప్పిన లెక్చరరు, పక్క సందులోనే ఇల్లు. పరాయి మగవాడి తువ్వాల కింద ఆమె చేయి ఎలా పెడుతుంది? రజాక్‌కూ సిగ్గే. అందుకని హఫీజాను మధ్యలో కూర్చోబెట్టాడు. ఒక పక్క మేడం చేయి హఫీజా చున్నీ కింద, మరో పక్క హఫీజా చేయి రజాక్ తువ్వాల కింద.

"మేడం ఎంతంటే గంతే చెప్పాలె. దలాలు తన దిక్కు నుంచి ఒక్క వేలు కలుపద్దు," అని కాయిదా కూడా చెప్పాడు.

హఫీజా కళ్లు మూసుకుంది. రజాక్ చేయంతా గట్టిగా పట్టింది, వదిలింది, మళ్లీ అంతా పట్టింది.

లక్ష! పది వేళ్లూ రజాక్ మళ్లీ లెక్కపెట్టుకున్నాడు. "గంతనా?" అని నోరు జారాడు. ముప్పై ఏళ్ల దలాలీలో అదే మొదటిసారి. అతని మొహం చూసి పర్శరాములు, అతీక్ చాయ్ గ్లాసులు కింద పెట్టేసి, ఇంత ఖరీదు సరుకు ఇంట్లో పెట్టుకొని తమను పిలిచి ఎగతాళి చేశాడని గొణుక్కుంటూ వెళ్లిపోయారు.

మేడంను సాగనంపడానికి రజాక్ గేటు దాకా వచ్చాడు. "మేడం, గంత ధర ఏ లెక్కల కట్టిన్రు?"

"ధరనా? నాకు మీ వేళ్ల లెక్కలు రావు రజాక్ భాయ్. ఏం చెయ్యాల్నో తెల్వక ఊకె కూసున్న. మీ ఆమెనే నా చెయ్యి నొప్పి లేసేటట్టు పిసికింది."

రజాక్ లోపలికి వచ్చాడు. హఫీజా గ్లాసులు ఏరుతోంది.

"గా ధర ఎవలిది?"

"నాది."

"గా చదువు ధర నీకేం తెల్సు?"

"పర్శన్నకు తెల్సా? అతీక్‌కు తెల్సా? గాళ్లందరిని పిలిచి అడిగినవ్. ఇంట్ల ఉన్న నన్ను అడుగలే. నడుమ కరెంటు తీగ లెక్క కూసోబెట్టినవ్."

"దలాలు వేలు కలుపద్దని చెప్పితి గదా!"

"నేను దలాలును కాదు. బిడ్డ తల్లిని."

రజాక్ ఇన్నేళ్లూ ఆ వేళ్లు పట్టుకొని ఊళ్లో వాళ్ల ఎడ్లకు ధర చెప్పాడే గాని, ఆమె ఏ ధర చెబుతుందో ఒక్కసారీ అడగలేదు. సిగ్గుపడ్డాడు. తువ్వాల కింద పడ్డ ధర పడ్డట్టే.

"సరే. ముందుగాల బయానా ఎంతియ్యమంటవ్?" అన్నాడు మెల్లగా.

"బయానా నడువది," అంది హఫీజా. "రేపే సోమవారం. మొత్తం కట్టాలె."