ఈశ్వరి మీద పడ్డ తిట్లు

నౌపడ దాటాక ఉన్న రొయ్యల ఫ్యాక్టరీలో మరిడమ్మ తొమ్మిదేళ్లు రొయ్యలు వలిచింది. గుప్పెట్లో పట్టుకుని కిలోకి ఎన్ని తూగుతాయో చెప్పేస్తుంది. కాలేజీ మానేసి తూకం దగ్గర చేరిన నాకు, ఆమె ఉన్న రోజు పని ఉండదు. అక్కడ వలిచేవాళ్లంతా ఆడవాళ్లు, అరిచేవాళ్లంతా మగవాళ్లు. ఎందుకని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

కిందటేడు మేనేజరుగా వచ్చిన పద్మకుమారి అడిగింది. హెడ్డాఫీసుతో గొడవపడి మరిడమ్మను సూపర్‌వైజరుని చేసింది. నెల రోజుల పరీక్ష. నెగ్గకపోతే ఆ ఉద్యోగం మళ్లీ మగవాడికే.

చిక్కేమిటంటే, మరిడమ్మకు అప్పగించిన మొదటి బల్ల దగ్గరే ఆమె అత్త బుల్లమ్మ కూడా వలుస్తుంది. చెయ్యి చురుకు, కానీ రొయ్య వీపు మీది నల్ల నరం సగం వదిలేస్తుంది. మా తీరంలో కోడలు అత్తను ఎదురుగా ఏమీ అనదు, పక్కనున్న పిల్లినో కోడినో తిడుతుంది. అత్తకు చేరిపోతుంది. ఫ్యాక్టరీలో పిల్లి లేదు. బుల్లమ్మ పక్కన నిలబడి వలిచే ఈశ్వరి ఉంది.

"ఏటే ఈశ్వరీ, నరం తియ్యడం రాదేటి? కళ్లు ఇంటికాడ ఎట్టొచ్చినావా?"

మూడు వారాలు ఓర్చుకుని, ఈశ్వరి తన ట్రే ఎత్తుకుని మేనేజరు గదికి పోయింది. "సూడండమ్మా, ఒక్క నరం సూపించండి. మరిడమ్మకి పదవి నెత్తికెక్కీసినాది."

తూకం కాగితాల మీద సంతకం కోసం నేనూ అక్కడే ఉన్నాను. పద్మకుమారి మరిడమ్మను పిలిపించింది.

"నీకోసం నేను మాట పడ్డాను. తప్పు చెయ్యని మనిషిని తిడతావేం?"

మరిడమ్మ నేల చూసింది. ఉద్యోగం పోయినా అత్త పేరు చెప్పే రకం కాదు.

ఇంతలో బుల్లమ్మే తలుపు తోసుకుని వచ్చింది. "ఆ తిట్లు నాయి తల్లీ. నా మీద నోరు రాక దీని మీద పడేస్తన్నాది. నాకన్నీ అందుతన్నాయి."

"అందితే మరి నరం తియ్యవేటి పిన్నీ?" అంది ఈశ్వరి.

"పేరెట్టి సెప్పలేదు గదే."

పద్మకుమారి నవ్వలేదు. "నేనూ ఒకప్పుడు ఇంతే చేశాను మరిడమ్మా. పైనున్న మగాళ్లను ఏమీ అనలేక, ఆ కోపం కిందున్న అమ్మాయిల మీద తీర్చుకున్నాను. ఇద్దరు ఉద్యోగం మానేశారు. చెప్పాల్సింది మీ అత్తకే చెప్పు. ఇప్పుడే. లేదంటే రేపట్నుంచి వలవడానికి పో."

మరిడమ్మ టోపీ సర్దుకుంది. గోడకేసి తిరిగి, మళ్లీ ఇటు తిరిగింది.

"అత్తా, నీ ట్రేలో నరాలున్నాయి. మళ్లీ తియ్యి."

బుల్లమ్మ తలుపు వైపు తిరిగింది. "తీస్తాన్లే. ఇక్కడ నువ్వు సెప్పు, వింటాను. ఇంటికాడ నేను సెప్తాను, నువ్వినాల."

"సర్లే."

నెలాఖరుకు మరిడమ్మ ఉద్యోగం ఖాయమైంది. రెండో బల్లకు తనను సూపర్‌వైజరుగా వెయ్యమని ఈశ్వరి రోజూ పద్మకుమారి గది ముందు నిలబడుతోంది. "మూడు వారాలు వరసగా ఇన్నానమ్మా, తిట్టడమెలాగో నాకొచ్చీసినాది" అంటోంది.